మూడు సీసాలు, బొద్దు అక్షరాలు

నేను గీసిన అక్షరాలు మా అత్తగారిని చంపినంత పని చేశాయి. మాటవరసకి అనడం లేదు. ఆవిడ చేతికి సూదితో, మొహం పాలిపోయి ఆస్పత్రి మంచం మీద పడుకుని ఉంటే, నేను పక్కన నిలబడి ఆ అక్షరాలనే చూస్తూ ఉండిపోయాను. లావుగా, గుండ్రంగా, బుగ్గలు పొంగి ముద్దొస్తున్నాయి. వాటిని చూసి అలా బెదిరిపోతానని కలలో కూడా అనుకోలేదు.

నా పని అక్షరాలు గీయడం. రాయడం కాదు, గీయడం. కంప్యూటర్లో, ఫోన్లో, బోర్డుల మీద కనిపించే అక్షరాలు వాటంతటవే పుట్టుకొచ్చాయని చాలామంది అనుకుంటారు. పెళ్లయిన కొత్తలో మా ఆయన కూడా అలాగే అనుకున్నారు. ఎవరో ఒకరు కూర్చుని, ఒక్కో వంపునీ తిట్టుకుంటూ, చెరిపి మళ్లీ గీస్తేనే అవి తయారవుతాయి. ఆ తిట్టుకునేవాళ్లలో నేనొకదాన్ని.

ఈసారి పని ఒక సబ్బుల కంపెనీది. "రోడ్డుకి అవతలి వైపు నుంచి చూసినా మనల్ని చూసి నవ్వుతున్నట్టుండాలండీ" అన్నాడు వాళ్ల మేనేజరు. అక్షరాలకి తోకలు ఉండకూడదట, ముక్కులు ఉండకూడదట, గీత ఎక్కడా సన్నబడకూడదట. కొసలన్నీ వేలికొసల్లా గుండ్రంగా ఉండాలట. పుస్తకం అచ్చు వేయడానికి పనికొచ్చే రకం కాదు. పెద్ద బోర్డుల మీదా, డబ్బాల మీదా నాలుగు మాటలు అదరగొట్టడానికే. వినడానికి సులువే. గీయడానికి కూర్చుంటే తెలుస్తుంది. లావు చేసేకొద్దీ అక్షరం లోపలి ఖాళీ పూడుకుపోతుంది, 'ఠ' కడుపులో చుక్కకి ఊపిరాడదు. ఖాళీ మిగలాలి, లావూ తగ్గకూడదు. ఏడిపించి ఏడిపించి చివరికి దారికొచ్చింది. దానికి 'బొద్దు' అని పేరు పెట్టుకున్నాను.

ఈ పనిలో నాకో అలవాటుంది. గీసిన అక్షరాల్ని అరచేతంత పెద్దవిగా కాగితాల మీద అచ్చు తీసి, గోడకి తలకిందులుగా అంటిస్తాను. తిన్నగా పెడితే కళ్లు ఊరుకోవు, చదివేస్తాయి. చదివేస్తే ఆకారం కనబడదు. తలకిందులైతే 'అ' అనేది అ కాదు, ఒక వంపు, ఒక బొజ్జ, ఒక సందు. బరువు ఎక్కడ ఎక్కువైందో అప్పుడు బయటపడుతుంది. నా గదిలో అడుగుపెట్టినవాళ్లు ముందుగా అడిగేది ఇదే: ఇవెందుకు తలకిందులుగా ఉన్నాయి? కొరియరతను అడిగి నవ్వాడు. కింద వాటాలో ఉండే కారు డ్రైవరుగారు మెడ వంకర తిప్పి చదవబోయి, మెడ పట్టేసిందని నన్నే నిష్ఠూరమాడారు. ఇక మా ఆయన. లిఫ్టులు బాగుచేసే మనిషి, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి తప్ప ఆలోచన పోదు. "ఏంటి, ఇవాళ కూడా పిల్లిమొగ్గలేనా?" అని రోజూ కొత్త జోకు కనిపెట్టినట్టు అడుగుతారు.

అడగనిది మా అత్తగారు ఒక్కరే. పని చేసుకునేవాళ్లని విసిగించకూడదని ఎంత తెలుసో ఆవిడకి అని మురిసిపోయేదాన్ని.

అలాగని ఆవిడ నోరు లేని మనిషేం కాదు. ఒకప్పుడు బట్టలు కుట్టేవారు, ఇప్పటికీ ఎదుటి మనిషి జాకెట్టు భుజం దగ్గర పీకుతుంటే చెప్పకుండా ఉండలేరు. పొద్దున మా ఆయన పనికి వెళ్లాక పంచదార లేని కాఫీ గ్లాసు పట్టుకుని నా గదిలోకి వచ్చేవారు. గోడ ముందు నిలబడి, ఒక కన్ను చిట్లించి, తీర్పులు చెప్పేవారు. "ఈ పిల్లకి బొజ్జ ఓ పక్కకి జారిందే." "వీడికి మెడే లేదు." "ఈ రెండూ అక్కచెల్లెళ్లన్నావు, నాకు తోడికోడళ్లలా కనబడుతున్నాయి." కొన్నిసార్లు ఆవిడ మాట నిజమయ్యేది, కొన్నిసార్లు మండిపోయి "మీకేం తెలుసు అత్తయ్యా" అనేదాన్ని. "నాకేం తెలీదు. కళ్లున్నాయి, అంతే" అనేవారు. ఆ మాటని కూడా నేను వెటకారం కిందే జమకట్టాను.

ఇప్పుడు మందుల సంగతి చెప్పాలి.

ఆవిడకి పూటకో మాత్ర. పొద్దున టిఫినుకి ముందు షుగరుది, మధ్యాహ్నం బీపీది, రాత్రి కొలెస్ట్రాలుది. వాటిని దాచుకునే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఒకటి సొట్టపడిన పౌడరు డబ్బాలో, ఒకటి ఎర్రమూత సీసాలో, ఇంకొకటి పాత గుండీల పెట్టెలో. మందులు కొనుక్కొచ్చిన రోజు కొడుకుని పిలిచి, "ఏది ఏ పూటదో చెప్పరా, నా కళ్లజోడు లోపలుంది" అనేవారు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఆవిడ ఏ డబ్బాది ఆ డబ్బాలో పడేసేవారు. కళ్ల డాక్టరేమో ఈ వయసులో ఇంత మంచి చూపు ఎవరికుంటుందన్నాడు. అయినా మందు అట్ట చేతికిచ్చి చదవమంటే, "ఏమోనే, ఆనడం లేదు" అనేవారు. నేనేం చేశాను? తప్పంతా అక్షరాల మీదికి తోశాను. లోకంలో ఎవరికే కష్టమొచ్చినా అక్షరం చిన్నదవడం వల్లే వచ్చిందనుకునే రకం నేను.

ఒకే కొలత గాజు సీసాలు మూడు కొన్నాను, మూడింటికీ ఒకేలాంటి తెల్లమూతలు. మాత్రల్ని అట్టల్లోంచి ఒలిచి సీసాల్లో పోశాను. అన్నీ తెల్లవే, అన్నీ గుండ్రనివే. ఒక్కో సీసాకీ బొద్దు అక్షరాల్లో పేరు అంటించాను: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. ముందు 1, 2, 3 అని వేద్దామనుకున్న మాట నిజమే. కానీ బొద్దులో అంకెలు ఇంకా గీయలేదు. అంకెల మీద నాకు ప్రేమ తక్కువ, వాటిని ఎప్పుడూ ఆఖరికే గీస్తాను. వేరే రకం అంకెలు వేస్తే అందం చెడుతుందని మాటలే వేశాను. పౌడరు డబ్బానీ, ఎర్రమూత సీసానీ, గుండీల పెట్టెనీ అటక మీదికి ఎక్కించాను.

అల్మారాలో ఎడమ నుంచి కుడికి వరసగా పెట్టి చూపించాను. "ఇది పొద్దున, ఇది మధ్యాహ్నం, ఇది రాత్రి. కనబడుతున్నాయా అత్తయ్యా?"

"కనబడకేం, గోడంత ఉన్నాయిగా" అన్నారు ఆవిడ.

నా పొంగు చూడాలి ఆ రోజు. కొన్నాళ్లు అంతా సవ్యంగానే జరిగింది. ఇంతలో సబ్బుల మేనేజరు ఫోన్ చేసి, అక్షరాలు వాడుకలో ఎలా ఉంటాయో ఒక ఫొటో పంపమన్నాడు. సీసాలు గుర్తొచ్చాయి. అల్మారాలోంచి తీసి కిటికీ దగ్గర వెలుగులో పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి ఫొటోలు తీసి, మళ్లీ పెట్టేశాను. ఏది ఎక్కడ పెట్టానో చూసుకోలేదు. చూసుకోవాల్సిన పనేముంది, పేర్లున్నాయిగా!

తర్వాత రెండో రోజు పొద్దున అత్తగారు టిఫిను తినలేదు. ఏంటోగా ఉందే అన్నారు. అలవాటు తప్పకుండా కాఫీ గ్లాసుతో నా గదిలోకి వచ్చి గోడ ముందు నిలబడ్డారు. "ఈ పిల్ల..." అని ఏదో అనబోయారు. మాట ముద్దగా వచ్చింది. తిరిగి చూసేసరికి గ్లాసు కింద పడి ఉంది, ఆవిడ గోడ పట్టుకుని జారుతున్నారు. మొహం నిండా చెమట, చేతులు వణుకుతున్నాయి, పిలిస్తే కళ్లు నా మీద నిలవడం లేదు. ఎలా అరిచానో ఏమో, డ్రైవరుగారు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చి ఆవిడని ఎత్తుకున్నారు. "వాడే మందులు తెండమ్మా, అక్కడ అడుగుతారు" అని ఆయనంటే సీసాలు మూడూ సంచిలో పడేసుకుని పరుగెత్తాను.

ఆస్పత్రిలో వేలికొస నుంచి చుక్క రక్తం తీసి చూసి, నర్సు డాక్టరమ్మని కేకేసింది. ఆ తర్వాత అంతా హడావుడి. సూది గుచ్చారు, గ్లూకోజు ఎక్కించారు. కాసేపటికి అత్తగారు కళ్లు తెరిచి, "నా చెప్పులేవే?" అని అడిగారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

డాక్టరమ్మ వయసులో చిన్నది, మాట మాత్రం కత్తి. "షుగరు అట్టడుక్కి పడిపోయింది. రాత్రి పడుకోబోయే ముందు పొరపాటున షుగరు మాత్ర వేసుకుని ఉంటారు, పొద్దున ఏమీ తినకపోయేసరికి ఇలా అయింది. మందులు ఎవరిస్తారు?"

"ఆవిడే వేసుకుంటారు. చదువొచ్చిన మనిషి, రోజూ పేపరు చదువుతారు" అన్నాను. అక్కడికీ గర్వంగానే అన్నాను.

"అయితే రాత్రి ఏ సీసాలోది వేసుకున్నారో అడిగి ఉంచండి" అని డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

సంచిలోంచి ఒక సీసా తీసి చూపించాను. "ఇదా అత్తయ్యా?"

ఆవిడ సీసా వైపు చూడలేదు, నా మొహం వైపు చూశారు. "వరసలో పెట్టవే. పెడితే చెప్తాను."

మంచం పక్కన బల్ల మీద మూడూ పెట్టాను. కంగారులో పేర్లన్నీ నా వైపుకే ఉండిపోయాయి. ఆవిడకి కనిపించేది ఉత్త గాజు, లోపల తెల్లమాత్రలు, అంతే. ఆవిడ తిప్పమనలేదు. తల వంచి పేరు కోసం చూడలేదు. నీరసంగా చెయ్యెత్తి కుడి చివరి సీసాని చూపించారు. "రాత్రిది ఇదేగా."

ఆ సీసా మీద నా వైపు, లావుగా, గుండ్రంగా, నవ్వుతూ, 'మధ్యాహ్నం' అని ఉంది.

ఏం చూస్తున్నానో నాకు తెలుస్తోంది, మనసు ఒప్పుకోవడం లేదు. కుడి చివరిది రాత్రిది. ఆవిడ చదివింది వరసని. ఆ వరసని నేను ఫొటో కోసం చెడగొట్టాను, షుగరు సీసా కుడి చివరికి చేరి ఉంటుంది. కళ్లముందు నా గది గోడ కనిపించింది, దాని ముందు కాఫీ గ్లాసుతో అత్తగారు. ఇవెందుకు తలకిందులుగా ఉన్నాయని ఇన్నేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆవిడ అడగలేదు. మర్యాద కాదది. తలకిందులుగా ఉన్నాయని ఆవిడకి తెలీదు.

"అత్తయ్యా," అన్నాను. "మీకు చదవడం..."

"అరవకు" అన్నారు ఆవిడ. నేను అరవలేదు, గొణిగాను. ఆవిడకి అదే అరుపులా వినిపించి ఉంటుంది.

"పేపరు?"

"బొమ్మలు చూస్తాను. వార్తలు టీవీవాడు చెప్తాడు. నా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మా అన్నయ్య 'మా చెల్లెలు పేపరు చదువుతుందండీ' అని గొప్పలకి పోయాడు. ఆ రోజు పట్టుకున్న పేపరు, ఇంతవరకూ దించడానికి వీల్లేకపోయింది."

"మామయ్యగారికి?"

"పోయేదాకా తెలీదు."

నాకు కూర్చోవాలనిపించింది, కుర్చీ లేదు. "మరి ఈయన్ని చదివించింది మీరేగా! మా అమ్మ పక్కన కూర్చుని చదివించేదని ఊరంతా చెప్పుకుంటారు!"

"కూర్చునేదాన్ని. గట్టిగా చదవరా అనేదాన్ని. ఎక్కడైనా నసిగాడంటే తప్పు చదివాడన్నమాట. స్కేలు చూపిస్తే మళ్లీ మొదట్నుంచీ చదివేవాడు, వెధవ." ఆవిడ పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. తర్వాత నా మణికట్టు పట్టుకున్నారు. సూది ఉన్న చేత్తోనే. "వాడికి చెప్పకే. చచ్చిపోయినా పోతాను గానీ, వాడి ముందు నా పరువు..."

"చచ్చిపోయినా పోతారా! చచ్చేదాకా తెచ్చుకుని ఇంకా ఆ మాటేనా!" ఈసారి నిజంగానే అరిచాను. నర్సు వచ్చి నన్ను బయటికి పంపిస్తానంది. ఆవిడ మీద కోపం, నా మీద కోపం, ఎప్పుడో పోయిన ఆ అన్నయ్య మీద కూడా కోపం. ఇంతకాలం ఒకే ఇంట్లో, ఒకే గోడ ముందు నిలబడి మాట్లాడుకున్నాం. ఈ మనిషి నాకు బొత్తిగా తెలీదని ఆ నిమిషంలో తెలిసింది.

మా ఆయన పని బట్టలతోనే పరుగెత్తుకుంటూ వచ్చారు, చేతులకి గ్రీజు. డాక్టరమ్మ వెనకే వచ్చింది. ఆయన తల్లి నుదురు తాకి చూసి, జరిగింది విని, బల్ల మీది సీసాలు తిప్పి చూశారు.

"అమ్మా, ఇంత పెద్ద అక్షరాలు కదా. గుమ్మంలోంచి కూడా కనబడతాయి. ఎలా తప్పు వేసుకున్నావు?"

దుప్పటి కింద నా మణికట్టు మీద ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి.

"ఆవిడ సరిగ్గానే వేసుకున్నారు. నేనే ఒక సీసాలోది ఇంకో సీసాలో పోశాను" అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నమ్మలేకపోయారు. "నువ్వా?" అన్నారు. "చుక్క పక్కకి జరిగిందని మూడు రోజులు నిద్రపోని మనిషివి, మా అమ్మ మందులు చూసి పోయలేకపోయావా?" డాక్టరమ్మ తన వంతు తాను అంటించింది: అసలు అట్టల్లోంచి మాత్రలు ఎవరు తీయమన్నారు, అందంగా ఉంటాయనా? మామూలుగా నేను మాట పడే రకం కాదు, ఒకటంటే నాలుగు అంటాను. ఆ రోజు తల దించుకుని అన్నీ పడ్డాను. అందులో సగం నిజమే కూడా.

ఇంటికొచ్చాక మొదట అటక ఎక్కి పౌడరు డబ్బా, ఎర్రమూత సీసా, గుండీల పెట్టె దించాను. మా ఆయన కొత్త మందుల అట్టలు ఏ డబ్బావి ఆ డబ్బాలో తనే సర్దారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. అత్తగారు అన్నీ చూస్తున్నారు, అన్నం దగ్గర నా కంచంలో ఓ ముద్ద ఎక్కువే వడ్డిస్తున్నారు.

నాలుగు రోజుల తర్వాత ఒంట్లో కాస్త ఓపిక వచ్చి, కాఫీ గ్లాసుతో నా గదిలోకి వచ్చారు. అలవాటు ప్రకారం కన్ను చిట్లించి గోడ వైపు చూశారు. ఇక నావల్ల కాలేదు.

"అత్తయ్యా, అవి తలకిందులుగా ఉన్నాయి."

"ఏవి?"

"అన్నీ. ఆకారం తెలియడానికి నేనే అలా పెడతాను."

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

ఆవిడ నోరు తెరుచుకుని గోడనీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఆస్పత్రిలో నా మొహం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు చూశాను, ఆవిడ మొహంలో. "అయితే ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్నవాళ్లంతా తలకిందులుగా నిలబడ్డవాళ్లా! మరి చెప్పవేమే? ఆ కొరియరతను గోడ చూసి నవ్వాడని, మా కోడలి పని చూసి నవ్వుతావా అని గుమ్మం దాకా తరిమానే!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఒక కాగితం ఊడదీసి, తిన్నగా తిప్పి అంటించాను. 'అ'. ఆవిడ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశారు.

"ఈవిడెవరో కొత్తమనిషి" అన్నారు.

"నేర్పించనా అత్తయ్యా? నెమ్మదిగా. తలుపేసుకుని. ఎవరికీ తెలీదు."

"చూద్దాంలే." ఆవిడ వేలితో 'అ' బొజ్జ మీద తడిమారు. "ముందు అంకెలు గియ్యి. అవొచ్చు నాకు. బస్సు నంబరు చూసుకునేగా ఊరంతా తిరిగి బట్టలు కుట్టాను."

కుర్చీలో కూలబడ్డాను. అంకెలొచ్చు. ఆ సీసాల మీద 1, 2, 3 అని వేసి ఉంటే చాలు, వరస ఎన్నిసార్లు మారినా ఆవిడకేమీ అయ్యేది కాదు. అందం చెడుతుందని వేయలేదు నేను. ఆ మాట నోటితో అనలేకపోయాను. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు కాఫీ గ్లాసు అందుకుని, చల్లారిపోయిందని విసుక్కున్నారు.

అక్షరాలన్నీ పక్కన పెట్టి ఆ రోజంతా అంకెలే గీశాను. సాయంత్రానికి మూడు తయారయ్యాయి. అచ్చు తీసి గోడకి అంటించాను. మా ఆయన పని నుంచి వచ్చి, చెప్పులు విప్పబోతూ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంటి, ఇవి తిన్నగా ఉన్నాయి?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. "నేనే పెట్టమన్నానురా. తలకిందులుగా ఉంటే నాకు చదవడం రాదు."

"నీకేంటమ్మా, ఎవరికొస్తుంది!" అని ఆయన పకపకా నవ్వారు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

అత్తగారు నవ్వలేదు. గోడ దగ్గరికి వెళ్లి, కొడుకు వైపు ఒకసారి చూసి, ఒక్కో కాగితం మీదా వేలు పెట్టి గట్టిగా చదివారు. "ఒకటి. రెండు. మూడు." ఎక్కడా నసగలేదు.